నువ్వూ రైటరువే కదా, అమ్మలూ

చి. అమ్మలుకి, పెద్దమామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టిందట అన్నయ్యా, నవల రాస్తుందట. అదీ ఒక ఆడపిల్లని గదిలో పెట్టి తాళం వేసి ప్రశ్నలు వేసే నవలట" అని. నేను గంభీరంగా "చూద్దాంలే" అన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యా నేనూ నవ్వుకున్నాం. స్టేషన్లో ఇన్నేళ్ళూ నన్ను అందరూ "రైటర్ గారూ" అనే పిలిచారు కదా. కేస్ డైరీలు, పంచనామాలు, వాంగ్మూలాలు రాసే హెడ్ కానిస్టేబుల్‌ని మా డిపార్ట్‌మెంట్లో అలాగే అంటారు. ఇంట్లో రెండో రైటర్ వచ్చిందన్నమాట. గర్వంగానే పడుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

పైపై సంగతులు ముందు చెప్పేస్తాను. కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో తేల్చుకో. 2024 జూలై 1 తరవాతదైతే నీ ఇన్‌స్పెక్టర్ పాత నేరవిచారణ చట్టం పేరు సీఆర్‌పీసీ అనకూడదు, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ అనాలి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ కెమెరా ఏమైందో ఒక్క ముక్కయినా రాయి. నార్కో పరీక్ష, అదే మందిచ్చి మగతలో మాట్లాడించే సీను పెట్టి ఉంటే తీసేయ్. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు తరవాత మనిషి ఒప్పుకోకుండా అది చేయకూడదు. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని నీకూ తెలుసు. కానీ ఆ 24 గంటలు ఎప్పుడు మొదలవుతాయో తెలుసా? జనరల్ డైరీలో, అంటే స్టేషన్లో ఏ రోజు ఏం జరిగిందో రాసే పుస్తకంలో, ఎక్కేదాకా ఆ మనిషి స్టేషన్లో లేనట్టే. బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటాడు. కాగితం ప్రకారం ఇంట్లో ఉన్నాడు. భార్య వచ్చి అడిగితే "ఎవరమ్మా? ఇక్కడెవరూ లేరే" అనొచ్చు. నీ థ్రిల్లర్‌కి గొలుసులూ చీకటి గదీ అక్కర్లేదు, ఆ రాయని లైను చాలు.

ఇంకోటి. బందీకి బంధించినవాడి మీద మనసవుతుందని, దానికేదో స్టాక్‌హోమ్ పేరుందని మీ అమ్మతో అన్నావట. ఆ పేరు ఎక్కడ పుట్టిందో చదువు. 1973 ఆగస్టులో స్వీడన్ దేశంలోని ఆ ఊళ్ళో ఒక బ్యాంకులో నలుగుర్ని ఆరు రోజులు బంధించారు. వాళ్ళలో ఒకావిడ లోపల్నుంచి సాక్షాత్తూ ప్రధానమంత్రితోనే ఫోన్లో మాట్లాడి, పోలీసులు విరుచుకుపడితే చచ్చిపోతామని భయంగా ఉందని చెప్పింది. అది ప్రేమా, లెక్కా? తుపాకీ ఎటునుంచి పేలుతుందో ఆవిడ చూసుకుంటోంది. నీ పిల్లని కూడా అంత తెలివిగా ఉండనీ.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మీ అమ్మకి తెలియదు. మీ అత్తయ్యకి సగం తెలుసు.

1989 వేసవి. స్టేషన్ పేరు రాయను. ఒక ఊరి గుళ్ళో వెండి సామాను పోయింది. మూడు రోజుల కిందటే గుడికి సున్నం వేసి వెళ్ళిన కూలీ ఒకతను ఉన్నాడు, నలభై దాటిన మనిషి. అందరి వేలూ అతని వైపే. తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. డైరీలో ఎక్కలేదు. ఎక్కించాల్సినవాణ్ణి నేను.

ఎవరూ అతని మీద చెయ్యి చేసుకోలేదు. నువ్వు రాసేటప్పుడు ఇది మర్చిపోకు. ఎస్సైగారు గద్దించి వెళ్ళిపోయేవారు. నేను టీ తెప్పించి, బీడీ ఇచ్చి, "పిల్లలెంతమంది పెద్దాయనా? పెద్దవాడి పేరేంటి?" అని మాట కలిపేవాణ్ణి. ఇలా చెయ్యమని ఎవరూ మాకు నేర్పలేదు, అలా కుదిరిపోయింది. బయట వేపచెట్టు కింద అతని భార్య రెండు రాత్రులూ కూర్చునే ఉంది, ఒళ్ళో మొగుడి చెప్పులు పెట్టుకుని. లోపలికొస్తూ గుమ్మంలో విప్పాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని ఆవిడ తీసి దాచింది. పోలీస్ స్టేషన్ గుమ్మంలో!

రెండో రాత్రి నేనే అన్నాను, "కిటికీ ఊచ వంచే కదా దిగావు?" అని. అతను నా మొహంలోకి చూశాడు, పరీక్షలో పక్కవాడి పేపర్లోకి చూసే పిల్లాడిలాగా. "అవునండీ. ఊచ వంచాను." "గునపంతోనా?" "గునపంతోనేనండీ." "సామాను గోనెసంచిలో వేసుకున్నావా?" "గోనెసంచేనండీ." తెల్లవారేసరికి మూడు ఠావులు నిండాయి. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! గునపం రాతికి తగిలి ఖంగుమందని, భయపడి దేవుడికి దణ్ణం పెట్టుకుని అప్పుడు మూట కట్టానని. దణ్ణం మాట అతను అననే లేదు. నేను రాశాను. ఎస్సైగారు చదివి, "రైటర్ గారూ, మీరు నవలలు రాయాల్సిందండీ" అన్నారు.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, అప్పటి ఎవిడెన్స్ యాక్ట్ 25వ సెక్షన్ అదే కదా. అయినా రిమాండుకి పంపడానికి పనికొచ్చింది. జామీను ఇచ్చే దిక్కు లేక అతను 47 రోజులు సబ్‌జైల్లో ఉన్నాడు. తరవాత పక్క జిల్లాలో వేరే దొంగ వెండితో సహా దొరికాడు. వాడు పైన పెంకులు తీసి దిగాడట. మరి ఊచ? అది ఏడాదిగా వంగే ఉందని పూజారి అప్పుడు చెప్పాడు. ముందు మేం అడిగితే కదా.

అతను బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర కనబడ్డాడు. సిగ్గులేకుండా నేనే అడిగాను, ఎందుకొప్పుకున్నావని. "పెద్దోడి పేరు అడిగారు కదండీ" అన్నాడు. దొంగతనం జరిగిన రాత్రి పదహారేళ్ళ కొడుకు ఇంటికి రాలేదట. వాడే చేశాడేమోనని, పోలీసులకి అది తెలిసిపోయిందని తండ్రి అనుకున్నాడు. కొడుకు వెళ్ళింది సెకండ్ షో సినిమాకి.

అతని సంగతి అలా తేలింది. నా సంగతి తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఇంట్లో పిల్లకి జ్వరం, త్వరగా ముగించి ఇంటికి పోవాలనుకున్నాను, అందుకే అలా జరిగింది అని మీ అత్తయ్యకి చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. పిల్లకి జ్వరం ఆ సాయంత్రానికే తగ్గిపోయింది అమ్మలూ. కబురు కూడా వచ్చింది. ఆ మెప్పు కోసమే రాశాను. నా దస్తూరీ, నా వాక్యం, ఎస్సైగారి మెప్పు.

రిటైరయ్యాక హాన్స్ షార్ఫ్ అనే జర్మన్ గురించి చదివాను. రెండో ప్రపంచయుద్ధంలో దొరికిన అమెరికన్ పైలట్లని ప్రశ్నించినవాడు. కొట్టడు, తిట్టడు, నడకకి తీసుకెళ్తాడు. అంతా ముందే తెలిసినట్టు మాట్లాడుతుంటే వాళ్ళే ఖాళీలు పూరించేవారట. యుద్ధం అయ్యాక అమెరికా వెళ్ళి మొజాయిక్ బొమ్మలు చేసుకుని బతికాడు, డిస్నీవాళ్ళ సిండరెల్లా కోటలోవి కూడా అతను చేసినవే. అతను ఎదుటివాళ్ళ దగ్గరున్నది రాబట్టాడు. నేను నా దగ్గరున్నది ఎదుటివాడి నోట్లో పెట్టి మళ్ళీ నేనే తీసుకున్నాను. అందుకే నీ నవల్లో ప్రశ్నలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసుకుని చూడు. జవాబులు లేకుండా వాటిని చదివితేనే కథ అంతా తెలిసిపోతోందంటే నీ విలన్ అబద్ధం పుట్టిస్తున్నాడు. ఆ సంగతి అతనికి తెలుసో లేదో నువ్వు తేల్చుకోవాలి.

రీసెర్చ్ అంటూ జైలు నుంచి వచ్చినవాళ్ళని ఒక్కదానివే కలవడానికి వెళ్తున్నావట. బుద్ధుందా? వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. "మీరు చెప్పండి, నేను రాస్తాను" అని నువ్వు మెత్తగా అడుగుతావు, చిన్నప్పటి నుంచీ నీకు ఆ గొంతుంది, ఆ గొంతు వింటే ఎవరైనా నీకు కావలసిందే చెప్తారు. నాకు అసలు భయం అది. నన్ను తోడు తీసుకెళ్ళు, నేను మాట్లాడను, పక్కన కూర్చుంటాను. రాత్రి రెండింటిదాకా మేలుకుని రాయకు. పడుకునే ముందు ఆ గది తలుపు తీసి, ఆ పిల్లకి కాసిని మంచినీళ్ళు ఇచ్చినట్టు ఒక లైను రాసి పడుకో. ఏమిటీ పిచ్చి అనుకోకు, నేను అలా ఒక్క రాత్రి చేసినా బాగుండేది.

మీ అత్తయ్య సున్నుండలు చేసి ఆదివారం బస్సులో పంపుతుంది. మొదటి ప్రకరణం ప్రింటు తీసి పంపు, ఫోన్లో నా వల్ల కాదు. లైనుకీ లైనుకీ మధ్య జాగా వదులు.

చెప్పుల సంగతి వాడుకుంటే వాడుకో. కానీ చెప్పులు అనకు, కండువానో ఇంకేదో చెయ్యి. ఆవిడ ఇంకా ఉంది. చదువు రాదు గానీ, మనవరాలు పుస్తకాలు చదివి వినిపిస్తుందట.

మీ పెద్దమామయ్య