ఎస్ప్రెసో మెషీన్ కొనేముందు మా నానికి నాలుగు మాటలు

నానీ,

నువ్వు పంపిన లింకులన్నీ తెరిచి చూశాను. అన్నీ తళతళా మెరుస్తున్నాయి గానీ ఒక్కదాని పక్కన కూడా గ్రైండర్ లేదు. "ముందు మెషీన్ తీసుకుందాం పెద్దమ్మా, గ్రైండర్ సంగతి తర్వాత" అంటావని తెలుసు, ఫోన్‌లో అయితే నన్ను మాట్లాడనివ్వవు కూడా, అందుకే ఇలా రాసి పంపిస్తున్నాను. ఆఫీసు క్యాబ్‌లో కూర్చున్నప్పుడు చదువుకో.

అసలు ముందు తేల్చుకోవాల్సింది ఏ మెషీన్ అని కాదు, మీ ఇంట్లో ఎవరు ఏ కాఫీ తాగుతారని. నువ్వూ స్వాతీ కాపుచినోకి అలవాటు పడ్డారు, సరే. మీ నాన్నకి తెల్లారేసరికి చిక్కటి డికాక్షన్‌లో మరిగే పాలు పోసిన గ్లాసు చేతిలో పడాలి. ఎస్ప్రెసో మెషీన్ కొన్నాం కదా అని ఆ ఫిల్టర్‌ని అటకెక్కించావంటే ఇంట్లో రోజూ గొడవే. రెండూ వేర్వేరు కాఫీలురా. ఫిల్టర్‌లో వేడినీళ్లు వాటంతట అవే చుక్కచుక్కగా దిగుతాయి, ఎంతసేపు పట్టినా ఎవరికీ తొందర లేదు. ఈ మెషీనేమో 90 నుంచి 96 డిగ్రీల వేడి నీళ్లని 9 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు, గట్టిగా అదిమిన పొడిలోంచి అర నిమిషంలో తోసేస్తుంది. అందుకే పొడి ఎంత మెత్తగా ఉంది, ఎంత సమానంగా ఉంది అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. కాస్త గరుకైతే నీళ్లు జర్రున జారిపోతాయి, మరీ మెత్తనైతే చుక్క కూడా రాదు. అన్నట్టు, ఇంట్లో ఉంది కదా అని మీ నాన్న చికోరి పొడి తీసి ఇందులో వేసేవు. చికోరి తడిస్తే జిగురుగా ముద్దకట్టి బాస్కెట్, అంటే పొడి వేసే చిల్లుల గిన్నె, దాని రంధ్రాలు పూడిపోతాయి.

నీ బడ్జెట్ 70 వేలు అన్నావు. అందులో పాతిక వేలైనా గ్రైండర్‌కి పక్కన పెట్టు. మిక్సీలో ఆడించుకుంటానంటే కుదరదు. మిక్సీ బ్లేడు గింజల్ని ఎలా పడితే అలా నరుకుతుంది, కొంత పిండి, కొంత రవ్వ. నీళ్లు సందు దొరికిన చోటునుంచి దూసుకుపోతాయి, ఆ సందు చుట్టూ ఉన్న పొడిలోంచి చేదంతా దిగిపోతుంది, మిగతా పొడి తడిసీ తడవనట్టు ఉండిపోతుంది. ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగిలాయంటే చాలాసార్లు కారణం ఇదే. కావాల్సింది బర్ గ్రైండర్, పళ్లున్న రెండు బర్‌ల మధ్య గింజ నలిగేది. అందులోనూ ఎస్ప్రెసోకి పనికొచ్చేది. ఫ్రెంచ్ ప్రెస్‌కీ పోర్ ఓవర్‌కీ చక్కగా పనిచేసే గ్రైండర్లు చాలావాటిలో పొడి మెత్తదనం మార్చే ఒక క్లిక్కుకీ ఇంకో క్లిక్కుకీ మధ్య తేడా మరీ ఎక్కువ. ఒక క్లిక్కు దగ్గర షాట్, అంటే ఒకసారి దిగే కాఫీ, 15 సెకన్లలో అయిపోతుంది, పక్క క్లిక్కుకి తిప్పితే 45 సెకన్లు పడుతుంది, నీకు కావాల్సిన చోటేమో ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కొనేముందు ఆ విషయం గుచ్చి గుచ్చి అడుగు. డబ్బు సరిపోకపోతే చేత్తో తిప్పే మంచి గ్రైండర్ తీసుకో, అదే ధరలో వచ్చే కరెంటు గ్రైండర్ కన్నా పొడి సమానంగా వస్తుంది. రోజుకి రెండు కప్పులకి చెయ్యేం పడిపోదు, లైట్ రోస్ట్, అంటే తక్కువ వేయించిన గింజలైతే మాత్రం కాస్త బలం పెట్టాలి.

ఆడించిన పొడే కొనుక్కుంటే పోలా అంటావేమో. అలాంటి పొడి కోసమే చవక మెషీన్లతో అడుగున ఒకే ఒక్క సన్న రంధ్రం ఉన్న బాస్కెట్ ఇస్తారు, డ్యూయల్ వాల్ అంటారు దాన్ని. పొడి ఎలా ఉన్నా ఆ రంధ్రమే ఒత్తిడి పుట్టించి పైకి నురగ తెప్పిస్తుంది. చూడ్డానికి క్రీమా, అంటే అసలు ఎస్ప్రెసో మీద తేలే నురగ, దానిలాగే ఉంటుంది, తాగితే తెలుస్తుంది. అసలు ఈ క్రీమా మొదట్నుంచీ ఉన్నదేం కాదు. 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న మెషీన్ ఆవిరి ఒత్తిడితో నడిచేది, అంత తక్కువ ఒత్తిడికి క్రీమా రాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అదే ఊళ్లో అకిల్లె గాజియా స్ప్రింగూ లీవరూ పెట్టి ఒత్తిడి పెంచాకే కప్పులో ఆ బంగారు రంగు నురగ తేలింది, దాన్నే ఆయన గొప్పగా చెప్పుకుని అమ్ముకున్నాడు. ఇప్పుడు దాని నకలు తీసి నీకూ అమ్ముతున్నారు. అడుగంతా రంధ్రాలుండే మామూలు సింగిల్ వాల్ బాస్కెట్ కూడా పట్టే మెషీన్ అయితేనే కొను.

పెట్టె మీద 15 బార్, 20 బార్ అని పెద్దక్షరాలతో రాస్తారు, దానికి పడిపోకు. అది పంపు గరిష్ఠంగా ఎంత తోయగలదో చెప్పే అంకె, కాఫీకి కావాల్సింది 9 చుట్టుపక్కలే. నీ లింకుల్లో డెలాంగీ డెడికా ఉంది, సన్నగా ఉంటుంది, మీ ఫ్లాట్ వంటింటి గట్టు మీద జాగా తినదు, త్వరగా వేడెక్కుతుంది. దాని పోర్టాఫిల్టర్, అంటే బాస్కెట్‌ని పట్టుకునే పిడి, 51 మిల్లీమీటర్ల వెడల్పు. ఇందాకటి గాజియా పేరుతోనే వచ్చే గాజియా క్లాసిక్‌ది 58, కెఫేల్లో ఎక్కువగా కనిపించే సైజు, కాబట్టి బాస్కెట్లూ, పొడిని అదిమే ట్యాంపర్లూ ఏ కంపెనీవైనా సరిపోతాయి, విడిభాగాలు దొరుకుతాయి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తే చిన్నచిన్న రిపేర్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. నా ఓటు గాజియాకే. ధర అందకపోతే డెడికా లాంటిదానికి దిగు, అంతేగానీ గ్రైండర్ డబ్బు మాత్రం ముట్టుకోకు.

ఒకే పెట్టెలో గ్రైండర్ కూడా ఉన్నది చూపించావు. నాకు నచ్చదు. ఒకటి పాడైతే రెండూ సర్వీస్ సెంటర్‌కి పోతాయి, రేపు మంచి గ్రైండర్ కొనాలనిపించినా ఆ పాతది వదలదు. బటన్ నొక్కితే పాలతో సహా అన్నీ చేసిపెట్టే ఆటోమేటిక్ మెషీన్లు వేరే సంగతి, స్వాతికి పొద్దున్నే ఈ తూకాలూ గీకాలూ చిరాకనిపిస్తే మొహమాటం లేకుండా అదే కొనుక్కోండి, అందులో నామోషీ ఏం లేదు.

ఈ ధరలో దొరికే చాలావాటిలో నీళ్లు వేడిచేసే బాయిలర్ ఒకటే ఉంటుంది. కాఫీకి ఒక వేడి, ఆవిరికి ఇంకా పై వేడి. షాట్ తీశాక స్టీమ్ స్విచ్ వేసి ఆగాలి, పాలు అయ్యాక మళ్లీ కాఫీ తీయాలంటే కాసిన్ని నీళ్లు వదిలి బాయిలర్ చల్లార్చాలి, లేకపోతే తర్వాతి షాట్ చేదు విషం. ఇద్దరికైతే హాయిగా ఉంటుంది. ఆదివారం మీ అత్తగారి తరఫు వాళ్లు ఆరుగురు దిగారనుకో, ఆఖరి కప్పు పట్టుకొచ్చేసరికి మొదటాయన చెప్పులు వేసుకుంటుంటాడు. చుట్టాలకి ఫిల్టర్ కాఫీయే పెట్టు.

మా పెద్దాడు డాలస్ నుంచి వస్తూ మెషీన్ పట్టుకొస్తానన్నాడటగా, వద్దని చెప్పు. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకి 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇంత వాటేజీకి పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తాలంటేనే నడుం పట్టేస్తుంది, పెట్టినా వోల్టేజీ ఒక్కటే మారుతుంది, ఫ్రీక్వెన్సీ మారదు, ఈ చిన్న మెషీన్లలో ఉండే పంపు కొట్టుకునేది ఆ ఫ్రీక్వెన్సీతోనే. వాడికి తేవాలని అంత ఉబలాటంగా ఉంటే చేత్తో తిప్పే గ్రైండర్ తెమ్మను, దానికి ఏ వోల్టేజీతోనూ పనిలేదు. నువ్వు మాత్రం హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, గాస్కెట్‌లనే రబ్బరు వలయాలూ, పొడి మీద నీళ్లు చిలకరించే షవర్ స్క్రీన్‌లూ విడిగా అమ్ముతారో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టు. ఈ మెషీన్లు 1300, 1400 వాట్లు లాగుతాయి, టీవీకి పెట్టే చిన్న సాకెట్‌లో కాదు, గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టు. ఇన్వర్టర్ మీద ఆశ పెట్టుకోకు.

నీళ్లు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ కలిసి వస్తాయి కదా, ఒకసారి మీ కెటిల్ అడుగు చూడు. అక్కడ తెల్లగా పేరుకున్న పొరే నీ మెషీన్ బాయిలర్‌లోనూ పేరుకుంటుంది, తేడా ఏంటంటే అక్కడ నీ చెయ్యి పట్టదు. అలాగని ఆర్వోలో ఉన్నవన్నీ పోగొట్టేసి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, ఇరవై, ముప్ఫైకి దించిన నీళ్లు పోసినా కాఫీ చప్పగా వస్తుంది. టీడీఎస్ 100 నుంచి 150 మధ్య ఉండేలా ఆర్వో సర్దమని మెకానిక్‌కి చెప్పు, నిమిషం పని. అప్పుడప్పుడూ ఆ తెల్ల పొర కరిగించే డీస్కేలింగ్ చెయ్యాలి, మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన మందే వాడు, వెనిగర్ పోయమని వీడియోల్లో చెప్తారు, ఆ వాసన వదిలించుకోలేక చస్తావు.

గింజల సంగతి నాకు వదిలెయ్. విశాఖలో ఉన్నాక అరకు గింజలకి కొదవేముంది, 2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. ఎక్కడ కొన్నా సరే, ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ కాదు, రోస్ట్ చేసిన తేదీ చూడు. వేయించిన వెంటనే వాడితే గింజలో గ్యాస్ ఎక్కువుండి షాట్ చిందరవందరగా వస్తుంది, ఓ వారం ఆగి మొదలుపెట్టి నెలా, నెలన్నరలో అయిపోగొట్టు. పావుకిలో కన్నా ఎక్కువ తెరవకు. మిగిలింది గాలి చొరకుండా చిన్న చిన్న పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, ఫ్రిజ్ కింది అరలో మాత్రం పెట్టకు, సాంబారు వాసన పట్టేస్తుంది. మొదట్లో మీడియం డార్క్ తీసుకో. లైట్ రోస్ట్‌తో మొదలుపెడితే ఆ పులుపు గింజదో నీ తప్పుదో తెలియక బుర్ర పాడుచేసుకుంటావు.

ఇక పొద్దున్న పని. గాజియాలో సిద్ధమని చెప్పే లైటు ఐదు నిమిషాల్లోనే వెలుగుతుంది, కానీ లోపలి ఇత్తడి భాగాలు వేడెక్కలేదు. పోర్టాఫిల్టర్ తగిలించే ఉంచి స్విచ్ వేసి స్నానానికి వెళ్లు, వచ్చేసరికి సరిపోతుంది. 0.1 గ్రాము చూపించే తూకం కొనుక్కో, ఇది ఐచ్ఛికం కాదు. బాస్కెట్‌ని బట్టి, గాజియా డబుల్ బాస్కెట్‌కి 16 నుంచి 18 గ్రాములు, ఇప్పటికి 18 అనుకుందాం. పొడి వేశాక ఉండలు లేకుండా సన్న సూదితో అడుగు దాకా కలుపు, వేళ్లతో పక్కకి తట్టి సమం చెయ్, ట్యాంపర్‌తో నిటారుగా అదుము. ఎంత బలంగా అన్నది పెద్ద విషయం కాదు, వంకర లేకుండా అన్నదే విషయం, ఒక పక్క పల్లంగా ఉంటే నీళ్లన్నీ అటే పోతాయి. కప్పుని తూకం మీద పెట్టి పంపు వేసి టైమర్ నొక్కు. ఆరేడు సెకన్లదాకా ఏమీ రాదు, కంగారు పడకు. తర్వాత ముదురు గోధుమ రంగులో మెల్లగా చుక్కలు, ఆ పైన సన్నటి ధార, పోనుపోను రంగు తేలుతుంది. 36 గ్రాములు పడగానే ఆపెయ్. అప్పుడు టైమర్ చూడు. 25, 30 సెకన్ల మధ్య ఉంటే తాగి చూడు. నాలుక పక్కలు జివ్వుమనే పులుపుంటే పొడి ఇంకాస్త మెత్తగా చెయ్, గొంతులో నిలబడిపోయే చేదుంటే కాస్త గరుకు చెయ్. ఒక్కసారికి ఒక్కటే మార్చు. పొడి బరువూ, గ్రైండూ, టైమూ అన్నీ కలిపి తిప్పేస్తే దేనివల్ల బాగుపడిందో దేవుడికి కూడా తెలీదు. కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడల్లా ఒకట్రెండు షాట్లు పారబోయాల్సి వస్తుంది, మీ అమ్మ చూడకుండా పారబొయ్.

పాల దగ్గర మన ఇళ్లలో వచ్చే చిక్కు ఒకటుంది. మనం పాలు కాచి చల్లార్చి పెట్టుకుంటాం. ఆ పాలల్లోని మీగడ తునకలు స్టీమ్ గొట్టం కొసన ఇరుక్కుంటాయి, నురగ కూడా సరిగ్గా నిలవదు. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కాబట్టి కాచకుండా ఫ్రిజ్‌లోంచి చల్లగా తీసి నేరుగా జగ్గులో పొయ్. టోన్డ్ పాలతో నేర్చుకో, వెన్న 3 శాతమే, నురగ తేలిగ్గా వస్తుంది. చెయ్యి తిరిగాక 6 శాతం ఫుల్ క్రీమ్‌కి వెళ్లు, రుచి దానిదే. గొట్టం కొసని పాల పైపొరకి తగిలీ తగలనట్టు పెట్టి నాలుగైదు సెకన్లు గాలి ఎక్కించు, తర్వాత కొంచెం దించి పాలు గుండ్రంగా సుడి తిరిగేలా ఉంచు. జగ్గు పట్టుకున్న అరచెయ్యి కాలడం మొదలవగానే ఆపు, అప్పటికి 60 డిగ్రీలు దాటినట్టే. పైన పెద్ద బుడగలు కనపడకూడదు, జగ్గు తిప్పితే పాలు పలచటి అట్ల పిండిలా మెరుస్తూ జారాలి. ఆపిన మరుక్షణం తడిగుడ్డతో గొట్టం తుడిచి ఒక్క సెకను ఆవిరి వదులు. కాఫీ తాగొచ్చి తుడుద్దాంలే అనుకుంటే ఆ పాలు గొట్టానికి ఎండి గోకినా పోవు.

శుభ్రం గురించి ఇంకొక్కటే. గాజియాలో షాట్ అయ్యాక ఒత్తిడిని వెనక్కి వదిలే వాల్వ్ ఉంటుంది, అలాంటి మెషీన్లకి రంధ్రాల్లేని బాస్కెట్ పెట్టి క్లీనింగ్ పౌడర్‌తో నెలకోసారి బ్యాక్‌ఫ్లష్ చెయ్యాలి. డెడికాకి ఆ వాల్వ్ లేదు, దానికి చెయ్యకూడదు, షవర్ స్క్రీన్ తుడిస్తే చాలు. పిప్పి సింకులో పోయకు, పైపు పట్టేస్తుంది. ఆరబెట్టి కాస్త కాస్త కరివేపాకు కుండీలో వెయ్.

మెషీన్ వచ్చాక మొదటిరోజు వీడియో కాల్ చెయ్యి, కానీ పాలు స్టీమ్ చేసేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోకు, ఏదైనా డబ్బాకి ఆనించి పెట్టు. గింజలు శుక్రవారం కొరియర్ చేస్తాను, మీ నాన్నకి చికోరి పొడి కూడా అందులోనే పెడుతున్నాను, కలిపెయ్యకండి.

పెద్దమ్మ