పీఓపీ అడిగితే వాల్ పుట్టీ ఇచ్చారు, డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది గుంతకల్లు. మనవడి కోసం ఇంట్లో బల్ల మీద 1:87 స్కేలులో (అసలు సైజులో 87వ వంతు) బొమ్మ రైలు లైను వేసి, దాని వెనక గుత్తి కొండ, కోట కడుతున్నాను. సగం కట్టిన బొమ్మ ఫోటో పంపి, కొండకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) కావాలని ఒక షాపులో అడిగాను. వాళ్లు వాల్ పుట్టీ బస్తా ఫోటో పంపారు. ఇది పీఓపీ కాదు కదా అంటే, "రెండూ ఒకటే సార్, కొండకు ఇదే గట్టిగా ఉంటుంది" అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టారు. 20 కిలోల బస్తాలు రెండు తెప్పించుకుని, ఇనుప జాలీ మీద అంగుళం మందాన పూశాను. వారం తిరక్కుండానే నెర్రెలిచ్చింది. పెచ్చులు ఊడి పడి ఇంజన్ బొమ్మ ఒకటి విరిగింది. బిల్లు లేదు, డబ్బు ఫోన్‌లో పంపాను. "మీకు పూయడం రాలేదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కాకపోతే ఏమని వేస్తారన్నదే ముఖ్యం. "నాసిరకం సరుకు అంటగట్టారు" అని రాయకండి. ఆ పుట్టీ మంచిదే అయి ఉండొచ్చు. తెల్ల సిమెంటుతో చేసే వాల్ పుట్టీ గోడను నున్నగా చేయడానికి, ఒకటిన్నర మిల్లీమీటరు మందానికి మించకుండా పూసేది. అంగుళం పూస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోయి నెర్రెలు వస్తాయి. పీఓపీ సంగతి వేరు. అది జిప్సాన్ని కాల్చి చేసిన పొడి. నీళ్లు కలపగానే మళ్లీ జిప్సంగా మారుతూ వేడెక్కుతుంది, నిమిషాల్లో బిగుసుకుంటుంది, మందంగా పోసినా కుంచించుకుపోదు. కాబట్టి "రెండూ ఒకటే" అన్న మాట తప్పు. మీ కేసుకు ఆ మాటే ప్రాణం.

1930 సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ చూడండి. ఏ పనికి కావాలో చెప్పి, అమ్మేవాళ్ల అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు మాటల్లో చెప్పకపోయినా ఆ అమ్మకంలో ఉన్నట్టే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, వ్యాపారి తన సరుకు గురించి ఏ రూపంలో చెప్పుకున్నా ఆ నాణ్యత లేకపోతే దాన్ని లోపంగానే చూస్తుంది. "బస్తా మీద పుట్టీ అని రాసి ఉంది, చదువుకోలేదా?" అని వాళ్ల లాయరు తప్పకుండా అడుగుతారు. చదివారు, అనుమానం వచ్చి అడిగారు కూడా. ఆ అనుమానం తీర్చింది వాళ్లే.

కాబట్టి ఆ వాయిస్ మెసేజ్‌ను కాపాడుకోండి. చాట్ తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఆ మెసేజ్ ఏ ఫోన్‌లోది, ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ జత చేయాలి. బిల్లు లేదని టెన్షన్ పడకండి, డబ్బు పంపినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. పైగా బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. ఖాళీ బస్తాల మీద మందం గురించి, వాడే పద్ధతి గురించి ఉన్న రాత కనబడేలా ఫోటోలు తీయండి. ఊడిన పెచ్చులు నాలుగు డబ్బాలో దాచండి. పెచ్చు అంచున స్కేలు పెట్టి ఫోటో తీస్తే మందం ఎంతో కేసు వినే వినియోగదారుల కమిషన్‌కు కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

లోపం పరీక్ష చేస్తే గానీ తేలనప్పుడు కమిషన్ నమూనాను ల్యాబుకు పంపుతుంది. మీ విషయంలో ఆ అవసరం రాదనుకుంటున్నాను, ఎందుకంటే బస్తా మీది రాతే సాక్ష్యం. తయారీ కంపెనీని ప్రతివాదిగా చేర్చకండి. వాళ్ల తప్పు లేదు, కేసు అనవసరంగా సాగుతుంది.

ముందు షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, 15 రోజులు గడువు పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పండి, చాలా చిన్న తగాదాలు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ కాకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు 2 ఏళ్లు. బస్తాల ధర, జాలీ, రంగులు, ఇంజన్ ఖర్చు లెక్కగట్టి అడగండి. మనోవేదనకు లక్షలు అడిగితే అసలు కేసు పలచబడుతుంది.

మళ్లీ కొండ కట్టేటప్పుడు మెడికల్ షాపుల్లో దొరికే పీఓపీ బ్యాండేజీని తడిపి జాలీ మీద రెండు మూడు పొరలు పరచండి. బరువు తక్కువ, పట్టు ఎక్కువ. పైన రాళ్ల రూపానికి పీఓపీ పొడి కలుపుకోండి. ఈసారి బిల్లు మీద "ప్లాస్టర్ ఆఫ్ పారిస్" అని రాయించుకోండి. మనవణ్ని ఆ ముద్దలో చేయి పెట్టనివ్వకండి, మందంగా ఉన్నప్పుడు అది బిగుసుకుంటూ చర్మం కాలేంత వేడెక్కుతుంది.