కొటియా పేరు ఎందుకు తీసేశావు?

అమ్మాయ్,

నీ కథ నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిది సోమవారం రాత్రి. రెండోది బుధవారం పొద్దున్నే, కింద "సార్, పాతది డిలీట్ చేసేయండి, ఇదే ఫైనల్" అని మెసేజ్ పెట్టి మరీ పంపావు. నేను పాతది డిలీట్ చెయ్యలేదు. రెండూ ప్రింటు తీయించి, టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని పెన్సిలుతో లైను లైనూ చదివాను. చదివేకొద్దీ కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

సోమవారం కథలో, ఆంధ్రా ఒడిశా రెండూ మావంటే మావని తగాదా పడే కొటియా ఊళ్ళలో, ఒక ముసలమ్మ రేకుపెట్టె తెరిచి, బట్టల షాపు ప్లాస్టిక్ కవరులోంచి రెండు రేషన్ కార్డులు తీస్తుంది. ఒకటి ఒడియాలో ఉంది, ఒకటి తెలుగులో ఉంది. ఆవిడకి రెండూ చదవడం రాదు. పసుపు మరక ఉన్నది కొండ కింద డిపోకి, మరక లేనిది ఇవతలి డిపోకి అని గుర్తు పెట్టుకుంది. అది 2071వ సంవత్సరం. ఆకాశంలో డ్రోన్లు తిరుగుతున్నాయి, మనవరాలు చంద్రుడి మీద ఉద్యోగం చేస్తోంది, ఇంకా ఆ ముసలమ్మ పసుపు మరక కోసం వెతుక్కుంటోంది. ఆ పేరా చదివి కాసేపు బయటికెళ్ళి నిలబడ్డాను.

బుధవారం కథలో కొటియా లేదు. కోరాపుట్ లేదు, సాలూరు లేదు, 2071 కూడా లేదు. "ఒకానొక గ్రహం మీద రెండు రాజ్యాల నడుమ ఒక కొండ" ఉంది. రేషన్ కార్డులు "రెండు డిజిటల్ గుర్తింపు ఫలకాలు" అయిపోయాయి. పసుపు మరక పోయింది. ముసలమ్మకి ఏదో ఇంగ్లీషు సీరియల్ పేరు తగిలించావు. ఎందుకు తీసేశావంటే, నువ్వెళ్ళిన కథల వర్క్‌షాపులో ఎవరో "నిజం పేర్లు పెడితే వివాదం అవుతుంది, సార్వజనీనత పోతుంది" అన్నారట. ఈ సార్వజనీనత అన్న మాట నలభై ఏళ్ళుగా వింటున్నాను. మన బోర్డర్ ఊళ్ళ మీద పడ్డంత తెగులు ఇంకెక్కడా పడలేదు దీనివల్ల. గుంటూరు పేరు రాస్తే సార్వజనీనం, రాయగడ పేరు రాస్తే "పాఠకులకి తెలియదండీ" అంటారు.

ఇంకో చిత్రం చూడు. ఆ కథతో పాటే నువ్వు స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ అనే అమెరికా టీవీ సీరియల్‌లో "ద హై గ్రౌండ్" అన్న ఎపిసోడ్ ఫోన్లో చూశానని, అందులో ఒక డైలాగు కోసం దాన్ని బ్రిటన్‌లో ఆపేశారని తెలిసి కదిలిపోయానని రాశావు. కదిలిపోయిన మనిషివి రెండు రోజుల్లో అదే కత్తెర తీసుకుని నీ కథ మీదే వాడావు. అది నీకు కనపడలేదా తల్లీ?

ఆ ఎపిసోడ్ నేను చూసి చాలా ఏళ్ళయింది, నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ చూశాను. బరంపురంలో ఉద్యోగం చేసే రోజుల్లో, 1980ల్లో, దూరదర్శన్ వాళ్ళు ఆదివారం పొద్దున్న పాత స్టార్ ట్రెక్ వేసేవారు. పక్కింటివాళ్ళ బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు పదిహేను మందిమి కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. అందులో స్పాక్ అనే కోణాల చెవుల పెద్దమనిషి కనుబొమ్మ ఎత్తితే పిల్లలంతా ఎత్తేవారు. నెక్స్ట్ జనరేషన్ నేను చూసింది చాలా తర్వాత, మా అబ్బాయి కంప్యూటర్‌లో.

ఇప్పుడు ఆ డైలాగు సంగతి జాగ్రత్తగా చూడు, ఎందుకంటే నీకు చెప్పాల్సిందంతా అందులోనే ఉంది. రుటియా అనే గ్రహం మీద అన్సాటా అనే వేర్పాటువాదులు బాంబులు పెడుతుంటారు. అంతరిక్ష ఓడలో పనిచేసే డాక్టర్ క్రషర్‌ని ఎత్తుకెళతారు. వాళ్ళ నాయకుడు ఒక పక్క మనుషుల్ని చంపిస్తూ ఇంకో పక్క కూర్చుని ఆవిడ బొమ్మలు గీస్తుంటాడు. ఓడలో డేటా అనే యంత్రమనిషికి ఒక సందేహం వస్తుంది. హింస తప్పంటున్నారు గదా, మరి చరిత్రలో అది పనిచేసిన సందర్భాలు కూడా ఉన్నాయి గదా అని కెప్టెన్ పికార్డ్‌ని అడుగుతాడు. మూడు ఉదాహరణలు చెబుతాడు. ఒకటి, స్పెయిన్ నుంచి మెక్సికో స్వాతంత్ర్యం. రెండు, 2024లో ఐర్లాండ్ ఏకీకరణ. మూడు, కెంజీ తిరుగుబాటు.

మొదటిది ఎప్పుడో జరిగిపోయిన చరిత్ర. మూడోది పూర్తిగా కల్పితం, కెంజీ అంటే ఏంటో ఎవరికీ తెలియదు. ఆ రెండూ ఎవరికీ గుచ్చుకోలేదు. మధ్యలోది, అంటే బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్ విడిపోయి ఐర్లాండ్‌లో కలిసిపోవడం, గుచ్చుకుంది. దానికి ఊరూ ఉంది, ఏడాదీ ఉంది, ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నవాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకోగలిగినంత దగ్గరలో ఉంది. అమెరికాలో 1990 జనవరిలో వచ్చిన ఆ ఎపిసోడ్‌ని బీబీసీ అప్పట్లో వెయ్యలేదు. ఐర్లాండ్ ప్రభుత్వ చానల్ ఆర్‌టీఈ కూడా వెయ్యలేదు. తర్వాత ఒక శాటిలైట్ చానల్ వేసినప్పుడు ఆ మాట కత్తిరించి వేసింది. ముప్పావుగంట సేపు బాంబులు, శవాలు, పిల్లాడి చేతిలో తుపాకీ, అన్నీ ఉండగా ఒక్క సగం వాక్యం ఎపిసోడ్ మొత్తాన్ని ఆపేసింది. బీబీసీలో అది పూర్తిగా వచ్చింది 2007 సెప్టెంబరులో, అర్ధరాత్రి దాటాక. అప్పటికి ఉత్తర ఐర్లాండ్ గొడవలకి ముగింపు పలికిన గుడ్ ఫ్రైడే ఒప్పందం జరిగి తొమ్మిదేళ్ళయింది. ఆ ఏడాది మే నెలలోనే బద్ధశత్రువులు, బ్రిటన్‌తోనే ఉండాలనే ఇయాన్ పైస్లీ, ఐర్లాండ్‌లో కలవాలనే మార్టిన్ మెగిన్నెస్ పక్కపక్కన కూర్చుని ప్రభుత్వం నడపడం మొదలుపెట్టారు.

ఆపినవాళ్ళని నేను తిట్టడం లేదు. ఉత్తర ఐర్లాండ్ గొడవల్లో ముప్పై ఏళ్ళలో 3,500 మందికి పైగా చచ్చిపోయారు. హింస గెలిచిందని ఒక టీవీ పాత్ర చెప్తే, ఆ వారం కొడుకుని పోగొట్టుకున్న తల్లి అది వింటుందేమో అనుకుని ఎవరో ఆగి ఉంటే, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయం చానల్ వాళ్ళది. వాక్యం రాసిన మనిషిది కాదు. మెలిండా స్నాడ్‌గ్రాస్ ఆ ఎపిసోడ్ రాసింది. ఆవిడే భయపడి "ఒకానొక ద్వీపపు ఏకీకరణ" అని రాసి ఉంటే నువ్వు ఇవాళ జయపురంలో కూర్చుని దాని గురించి నాకు ఉత్తరం రాసేదానివా?

అప్పటి బ్రిటన్ రూలు ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1988 అక్టోబరు నుంచి 1994 సెప్టెంబరు దాకా ఐర్లాండ్ ఒకటి కావాలనే సిన్ ఫెయిన్ పార్టీ లాంటి సంస్థల తరఫున మాట్లాడేవాళ్ళ గొంతు టీవీలో, రేడియోలో వినపడకూడదు. మొహం చూపించొచ్చు. అన్న మాటలు చెప్పొచ్చు. గొంతు మాత్రం వద్దు. అందుకని చానళ్ళవాళ్ళు నటుల్ని పెట్టి డబ్బింగ్ చెప్పించారు. సిన్ ఫెయిన్ నాయకుడు జెర్రీ ఆడమ్స్ పెదాలు కదులుతుంటాయి, వినపడేది ఇంకెవరిదో గొంతు.

అది చదివినప్పుడు నాకు నా మొదటి కథ గుర్తొచ్చింది.

పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ ఉంది గదా, ఆ వంతెన దగ్గర పనసకాయలు అమ్మే ఒకావిడ మీద రాశాను. ఏరు దాటితే రాష్ట్రం మారిపోతుంది. పొద్దున్న ఒక రాష్ట్రంలో చెట్టెక్కి కాయ కోసి, మధ్యాహ్నం ఇంకో రాష్ట్రంలో అమ్ముకుని, చీకటి పడేలోపు ఇంటికెళ్ళే మనిషి. నౌపడా వెళ్ళే చిన్న రైల్లో, ఆ నారోగేజి బండి ఊగిపోతుంటే మోకాలి మీద కాగితాలు పెట్టుకుని మూడు నెలలు రాశాను. పోస్టు ఖర్చులకి లేక సిగరెట్లు మానేశాను. అప్పట్లో బాగా నడిచే ఒక వారపత్రిక వేసుకుంది. ఎంత సంతోషించానో చెప్పలేను.

పుస్తకం చేతికొచ్చాక చూస్తే, పర్లాకిమిడి "ఒక సరిహద్దు పట్టణం" అయింది. మహేంద్రతనయ "ఏరు" అయింది. ఆవిడ "ఏటి బాబూ, ఎల్లిపోతన్నావా" అంటే, ఎడిటర్ గారు ఆవిడ చేత "ఏం బాబూ, వెళ్ళిపోతున్నావా" అనిపించారు. మా అమ్మకి చదువు రాదు. పక్కన కూర్చోబెట్టుకుని కథంతా చదివి వినిపించాను. వింది. పూర్తయ్యాక నెమ్మదిగా అడిగింది, "ఇది ఎవుల కతరా నాయినా?" అని. వంతెన దగ్గర పనసకాయల మనిషి మా అమ్మకి రోజూ కనపడే మనిషి. ఆవిడ గొంతుకి డబ్బింగ్ చెప్పేసరికి అమ్మ ఆవిడని గుర్తుపట్టలేదు.

నేను ఆ ఎడిటర్‌కి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. తర్వాత రెండేళ్ళు ఆ పత్రికలో నా కథ పడలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు కాలుతుంది. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగులో రాయండని జన్మంతా పోట్లాడారు. కొండల మీది సవరల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసే పత్రికలే మా యాస దిద్దేస్తాయి, మా ఊరి పేరు కొట్టేస్తాయి. ఇది నాకు ఇవాళ్టికీ మింగుడు పడని విషయం.

నా కథని వేరేవాళ్ళు దిద్దారు, అందుకని నాకు కోపం తెచ్చుకునే హక్కైనా మిగిలింది. నీ కథని ఎవరూ ముట్టుకోకముందే నువ్వే దిద్దేసుకున్నావు. ఎవరి మీద కోపం తెచ్చుకుంటావు?

కొటియా అంటే భయమేస్తుందన్నావు. 21 ఊళ్ళు, 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా నలుగుతున్న తగాదా, రెండు రాష్ట్రాల పోలీసులూ అధికారులూ వచ్చి వెళ్ళే చోటు, నిజమే. కానీ నువ్వు ఆ ఊళ్ళు ఫలానా రాష్ట్రానివని తీర్పేమీ చెప్పలేదే. ఒక ముసలమ్మ పెట్టెలో రెండు కార్డులున్నాయని చెప్పావు. అది అక్కడ ఎవరినడిగినా చెప్పే మాట. పేరు పెట్టడం వేరు, పక్షం పట్టడం వేరు. పేరు పెట్టి కూడా ఇద్దరి పక్కా మనుషుల్ని మనుషులుగా చూపించొచ్చు. ఆ ఎపిసోడ్ చివర్లో తుపాకీ దించేసే పిల్లాడు ఏ పక్షం? అదీ నీ పని. ఒకవేళ ఏ పత్రికైనా ఆ పేరుకి భయపడి కథ తిప్పి పంపితే పంపనీ. తిప్పి పంపిన కథ నీ దగ్గర చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఏడాది సంగతి కూడా అడిగావు. 2071 వచ్చాక అలా జరక్కపోతే నవ్వుతారేమో అని. 2024 వచ్చింది, వెళ్ళిపోయింది, ఐర్లాండ్ ఒకటి కాలేదు. ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సిన్ ఫెయిన్ నుంచి మిషెల్ ఓనీల్ ఉత్తర ఐర్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అయింది, ఐర్లాండ్‌లో కలవాలనే నేషనలిస్టుల్లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆవిడే. అప్పుడు లోకమంతా ఆ పాత డైలాగు గుర్తు చేసుకుంది. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు జోస్యం చెప్పక్కర్లేదు. కానీ ఏడాది రాస్తే చదివేవాడు ఆ ఏడాదికి తన వయసెంతో, తన పిల్లల వయసెంతో లెక్క వేసుకుంటాడు. "సుదూర భవిష్యత్తులో" అని రాస్తే ఎవరూ ఏ లెక్కా వెయ్యరు.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోనా, ఒడియాలో రాస్తే మంచిదా అని ఇంకా ఏవేవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. చంద్రుడి మీద ఉద్యోగం పేరా కాస్త సాగింది, సగం చెయ్యి.

పాత ప్రింటు రేపు పోస్టులో పంపుతున్నాను, పెన్సిల్ గుర్తులతో సహా. ఫోన్లో ఉన్న బుధవారం కాపీ తీసేసి దీని మీదే పని చెయ్యి. నాలుగో పేజీలో ముసలమ్మ సంతకి వెళ్తుంది గదా, ఆ సంత ఏ వారం జరుగుతుందో రాయలేదు. ఒకసారి పొట్టంగి వైపు వెళ్ళినప్పుడు అడిగి కనుక్కో. ఆవిడ ఏ కార్డు ఏ కొంగున కట్టుకుని బయల్దేరుతుందో అది కూడా చూసి రాయి.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి,
పర్లాకిమిడి