తడికి తోడు పొడి ఉండాలి
మిద్దెతోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 20 లీటర్ల పెయింటు బకెట్‌లో రోజూ కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, మిగిలిన అన్నం వేస్తున్నాను. మూడు వారాలకే మూత తీయలేనంత కంపు. అడుగున నల్లటి నీళ్ళు, పైన బూడిదరంగు పురుగులు. మా వీధిలో చెట్లు లేవు, ఎండుటాకులు దొరకవు. మొత్తం పారేయాల్సిందేనా?
– ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పారేయకండమ్మా, అదంతా ఎరువుగా మారుతుంది. తొక్కల్లో ముప్పాతిక వంతుకు పైగా నీరే. ఆ నీరు ఓడి అడుక్కి చేరితే సందులు మూసుకుపోయి గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరిగి కుళ్ళిన గుడ్డు వాసన పుట్టిస్తాయి. అన్నం వల్ల ముద్దకట్టి ఇంకా చెడింది. వాసన ముక్కుకెక్కే ఘాటుగా, అమ్మోనియాలా ఉంటే నత్రజని ఎక్కువైందని గుర్తు. రెండింటికీ మందు ఒకటే: పొడి సరుకు.

ఎండుటాకులు లేవని దిగులొద్దు. మన జిల్లాల్లో శెనక్కాయల పొట్టుకు కరువేముంది? నూనె మిల్లులో అడిగితే గోనె సంచెడు ఇస్తారు. చెరకు రసం బండి దగ్గర పిప్పి తెచ్చుకోవచ్చు. కాకపోతే రెండంగుళాల ముక్కలు చేసి రెండు రోజులు ఎండబెట్టాలి, లేకపోతే తీపికి చీమలు పడతాయి. కొబ్బరి పీచు, టేపు ఊడదీసిన అట్టపెట్టెల ముక్కలు కూడా పనికొస్తాయి. ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది.

ముందు బకెట్‌ను గోనెపట్టా మీద బోర్లించండి. అడుగున పదీ పన్నెండు, చుట్టూ నాలుగంగుళాలకొకటి చొప్పున పెన్సిల్ దూరేంత రంధ్రాలు పెట్టి, పక్క రంధ్రాలకు లోపలి నుంచి దోమతెర అంటించండి. బకెట్‌ను రెండు ఇటుకల మీద నిలబెట్టి కింద పళ్ళెం పెట్టండి. అడుగున మూడంగుళాల మందాన కొబ్బరి పీచు పరిచి, తీసిన చెత్తకు గిన్నెకు గిన్నె చొప్పున పొట్టు కలిపి మళ్ళీ నింపండి. పిడికెడు పాత ఎరువు గానీ చేని మట్టి గానీ చల్లితే చాలు. పుల్లమజ్జిగ పొయ్యమని చాలామంది చెబుతారు, నీరోడుతున్న బకెట్‌కు అది చేటే. ఇకపై గిన్నెడు తొక్కలకు గిన్నెన్నర పొడి వేస్తూ, వారానికి రెండుసార్లు అడుగు నుంచి కర్రతో తిప్పండి.

తడి సరిపోయిందో లేదో మీ చెయ్యే చెబుతుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే పొట్టు వెయ్యండి, అరచెయ్యి తడవకపోతే నీళ్ళు చిలకరించండి. మే నెల ఎండల్లో రెండోదే జరుగుతుంది, అప్పుడు బకెట్ నీడలో ఉండాలి.

బల్లపరుపుగా, గట్టి చర్మంతో ఉన్న ఆ బూడిదరంగు పురుగులు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. చెత్తను త్వరగా తినేస్తాయి, హాని లేదు. ఆ ఈగలు ఇంటి ఈగల్లా మన తిండి మీద ముసరవు. తడి తగ్గితే పురుగులూ తగ్గిపోతాయి. కంపుకొట్టే నల్లనీళ్ళు కుండీలకు పొయ్యకండి.

ప్రశ్న: నెల రోజులు మాగిన కంపోస్టు కుండీల్లో సగానికి సగం కలిపి టమాటా నారు నాటాను. పది రోజులకే ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఏం తప్పు చేశాను?
– ఒక ఉద్యోగి, చిత్తూరు

జవాబు: ఎరువు ఇంకా మాగలేదు. పచ్చి ఎరువును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో నత్రజనిని ముందు అవే వాడుకుంటాయి, మొక్కకు మిగలదు. పైగా వేడి పుట్టి వేళ్ళు దెబ్బతింటాయి. బకెట్ నిండాక ఇంకో రెండు నెలలు కదపకుండా ఉంచాలి. అందుకే రెండు బకెట్లు ఉండాలంటాం: ఒకటి మాగుతుంటే రెండోది నింపుకోవచ్చు.

మాగిందో లేదో చూడాలంటే తడి ఎరువు గుప్పెడు ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా మూడు రోజులు కట్టి ఉంచండి. విప్పితే తొలకరి మట్టి వాసన రావాలి. పులిసిన వాసన వస్తే ఇంకా ఆగాలి. దాంట్లో పది మెంతులు చల్లి చూడటం ఇంకో పద్ధతి. ఎనిమిదైనా మొలిచి నిటారుగా నిలబడితే వాడుకోవచ్చు.

ఇప్పుడైతే మొక్కల్ని మట్టిగడ్డతో సహా తీసి, ఎర్రమట్టి రెండు వంతులు, మాగిన ఎరువు ఒక వంతు, కొకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు కలిపిన కుండీల్లోకి మార్చండి. కొకోపీట్‌లో ఉప్పుంటుంది, రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండాకే కలపాలి. కుండీకి గుప్పెడు వేపపిండి కూడా వెయ్యండి.

ప్రశ్న: తోతాపురి మామిడి కాలంలో తొక్కలు, టెంకలు కుప్పలుగా వస్తాయి. బకెట్‌లో వెయ్యొచ్చా?
– చంద్రగిరి పాఠకుడు

జవాబు: తొక్కలు వెయ్యొచ్చు. సన్నగా తరిగి ఒక పూట ఎండలో ఆరబెట్టి, పైన రెండంగుళాల పొట్టు కప్పండి, పండు ఈగలు పుట్టవు. టెంకలు వద్దు, బకెట్‌లో ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి.