మేస్, మ్యాంటిల్, స్నైడర్... ఎవరు గొప్ప?

ప్రశ్న: లంచ్ టైమ్ అయితే చాలు, మా ఆఫీసులో ఇద్దరు పెద్దవాళ్లు 1950ల నాటి బేస్‌బాల్ గురించి వాదులాడుకుంటారు. ఒకాయన విల్లీ మేస్ అంటే, ఇంకొకాయన మిక్కీ మ్యాంటిల్ అంటాడు. నేను క్రికెట్ మనిషిని. ఎవరి వైపు ఉండమంటారు?
– ఓ పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ముందు మూడో పేరు కూడా చేర్చండి, బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాడు డ్యూక్ స్నైడర్. మేస్ జెయింట్స్‌కి, మ్యాంటిల్ యాంకీస్‌కి, ముగ్గురూ న్యూయార్క్‌లోనే, ముగ్గురిదీ సెంటర్ ఫీల్డే (మైదానం వెనకవైపు మధ్య భాగం), ఇక గొడవ తెగమంటే ఎలా తెగుతుంది? ఆ దశాబ్దంలో అందరికన్నా ఎక్కువ హోమ్‌రన్‌లు (మీ క్రికెట్‌లో సిక్సర్‌ల లాంటివి), 326, కొట్టింది స్నైడరే. పాపం, ఆయన్ని ఎవరూ పట్టించుకోరు.

1956 మాత్రం పూర్తిగా మ్యాంటిల్‌ది: 52 హోమ్‌రన్‌లు, .353 సగటు (అంటే వెయ్యి బ్యాటింగ్ అవకాశాలకి 353 హిట్ల లెక్క), తన బ్యాటింగ్‌తో జట్టుకి తెప్పించిన పరుగులు 130, మూడింట్లోనూ ఫస్టే. అదీ 1951 వరల్డ్ సిరీస్‌లో (సీజన్ చివర జరిగే ఛాంపియన్‌షిప్ పోరు) దెబ్బతిన్న మోకాలితో. ఆ దెబ్బ తగిలింది మేస్ కొట్టిన బంతి కోసం పరిగెడుతూనే, చూడండి విచిత్రం!

అయినా నా ఓటు మేస్‌కే. 1954 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2. ప్రత్యర్థి బ్యాటర్ విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి జెయింట్స్ సొంత స్టేడియం పోలో గ్రౌండ్స్‌లో ఎక్కడో గోడ దాకా పోతోంది. మేస్ బంతికి వీపు తిప్పి పరిగెత్తి, భుజం మీదుగా పట్టేసి, టోపీ ఊడిపోతున్నా ఆగకుండా గిర్రున తిరిగి విసిరేశాడు. ఆర్మీ దాదాపు రెండు సీజన్లు తినేసినా మొత్తం 660 హోమ్‌రన్‌లు, 12 గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డులు).

మ్యాంటిల్ అభిమానితో మాత్రం "మోకాలు బాగుంటే కథ వేరేగా ఉండేదండీ" అనండి, లంచ్ ప్రశాంతంగా తినొచ్చు.