స్టెంట్ పూతపై పేటెంట్ నోటీసు వచ్చింది, తయారీ ఆపేయాలా?

ప్రశ్న: సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మాది చిన్న స్టెంట్ల యూనిట్. సిరోలిమస్ మందును శరీరంలో కరిగిపోయే పాలిమర్‌లో కలిపి పూత వేస్తున్నాం. లైసెన్సు కోసం పరీక్షలు జరుగుతున్నాయి, అమ్మకాలు మొదలవలేదు. మా పూత తమ పేటెంటును ఉల్లంఘిస్తోందనీ, 15 రోజుల్లో తయారీ ఆపాలనీ ఒక విదేశీ కంపెనీ లాయర్ నోటీసు పంపింది. ఏం చేయాలి?

జవాబు: ఆపనక్కర్లేదు. లైసెన్సుకు కావలసిన సమాచారం కోసమే స్టెంట్లు తయారు చేసి పరీక్షిస్తే పేటెంట్ చట్టం సెక్షన్ 107ఎ ప్రకారం అది ఉల్లంఘన కాదు. ఈ సంగతి తెలియకే చాలామంది భయపడి చేతులెత్తేస్తారు. అయితే అమ్మకానికి సరుకు నిల్వ చేస్తే ఆ రక్షణ ఉండదు. బ్యాచ్ రికార్డుల్లో ప్రతి స్టెంటూ ఏ పరీక్షకు వెళ్లిందో రాసి ఉంచండి.

తర్వాత నోటీసులోని పేటెంట్ నంబరు చూడండి. అమెరికా పేటెంట్ మన దేశంలో చెల్లదు. భారత పేటెంటే అయితే పేటెంట్ ఆఫీసు సైట్‌లో ఈ-రిజిస్టర్ తీయండి. దాని ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. రెన్యువల్ ఫీజు కట్టకపోతే ముందే పోతుంది. ఇంకా మంజూరు కాకపోతే వాళ్లు దావా వేయలేరు. దరఖాస్తు ప్రచురితమై ఉంటే మీరే సెక్షన్ 25(1) కింద అభ్యంతరం వేయొచ్చు.

పేటెంట్ అమల్లో ఉందనుకుందాం. శీర్షిక చూసి కంగారు పడొద్దు, హద్దురాళ్లు క్లెయిములే, అంటే పేటెంటుదారు తనదని చెప్పుకునేదేమిటో పేటెంటులో అంకెలు వేసి రాసిన వాక్యాలు. ఒక్కో క్లెయిమును ముక్కలుగా విడదీసి, ఎదురుగా మీ పూత వివరాలు రాయండి: ఏ పాలిమర్, మందుకూ పాలిమర్‌కూ నిష్పత్తి ఎంత, పొరలెన్ని, ఎన్ని రోజుల్లో ఎంత మందు విడుదలవుతోంది.

ఈ పోలికలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో శాఫ్రాన్ కేసులో కనిపిస్తుంది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మందుపూత స్టెంట్ సైఫర్ తన పేటెంటును ఉల్లంఘించిందని డాక్టర్ బ్రూస్ శాఫ్రాన్ వేసిన దావాలో, 2011లో టెక్సస్ జ్యూరీ ఆ కంపెనీపై 48.2 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. 2013లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. క్లెయిములోని పరికరం అంటే ఎడతెగని రేకు అని తేల్చింది. సైఫర్ మాత్రం కన్నాల జాలీ. పైగా క్లెయిము ప్రకారం మందు నీటితో తెగే రసాయన బంధంతో పాలిమర్‌కు అతుక్కుని ఉండాలి. సైఫర్‌లో అలాంటి బంధమే లేదు, పూతలో కలిసిన మందు మెల్లగా బయటికి ఊరుతుంది.

అన్ని పేటెంట్లూ ఇలా తేలిపోవు. టాక్సాల్ అనే మందు పూత పూసిన స్టెంటుపై ఆంజియోటెక్ కంపెనీ పేటెంటును అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2008లో నిలబెట్టింది.

నోటీసుకు గడువులోపే, లాయరు ద్వారా, క్లుప్తంగా జవాబివ్వండి. "మాదీ అలాంటి పాలిమరే" అనే మాట రాశారంటే రేపు అదే మీ మీద సాక్ష్యం. పూత ఫార్ములా వారికి పంపొద్దు. మీకు తెలియకుండా ఇంజంక్షన్ (తయారీ ఆపమనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకోకుండా, వాళ్లు దావా వేయగల కోర్టుల్లో కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేయండి. అది 90 రోజులే పనిచేస్తుంది, గడువు ముగిసేలోపు మళ్లీ వేయాలి. దావా పడితే పేటెంట్ రద్దు కోరుతూ సెక్షన్ 64 కింద ఎదురు దావా వేయండి, కేసు జిల్లా స్థాయి కోర్టులో ఉంటే హైకోర్టుకు బదిలీ అవుతుంది.