పంది తవ్విన నేలను దుక్కి అనుకోకు

చి. సుధకు, పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఏప్రిల్ నుంచి అమెరికాలోని గ్రేట్ స్మోకీ పర్వతాల్లో అడవిపందులు తవ్విన నేలను పరిశీలించే పని నీకు అప్పగించారని విన్నాను. అదే కొండల్లో మట్టి సంచులు మోసినవాణ్ణి కనుక కొన్ని సంగతులు రాస్తున్నాను.

మన ధర్మవరం వైపు వేరుశెనగ చేలలో పడే అడవిపంది ఈ నేలదే. దానితో మనకున్న పేచీ పంట గురించి. నువ్వు చూడబోయేది మాత్రం 1912లో వేట వినోదం కోసం ఉత్తర కరోలినాలోని హూపర్ బాల్డ్ కొండ మీదికి తెచ్చిన పందుల సంతతి. అవి కంచె తప్పించుకొని, 1940ల చివరికి గ్రేట్ స్మోకీ జాతీయ పార్కులోకి చేరాయి. రైతుబిడ్డవు కనుక తిరగబడిన మట్టి కనబడగానే నీ కంటికి మంచి దుక్కిలా తోస్తుంది. నాకూ మొదట అలాగే తోచింది. కానీ అడవి నేలలో పైన ఎండుటాకు, దాని కింద సగం కుళ్లిన ఆకు, ఆ అడుగున నల్లమట్టి పొరలుగా పేరుకొని ఉంటాయి. పంది మూతితో పెళ్లగించగానే ఆ పొరలన్నీ కలగలిసిపోయి, పోషకాలు వేగంగా కరిగి కిందికి దిగిపోతాయి. ఎత్తైన చోట్ల ఉండే బీచ్ అనే చెట్ల అడవుల్లో 1980ల నాటి పరిశీలనల్లో కాల్షియం, మెగ్నీషియం, భాస్వరం ఇలా కొట్టుకుపోవడమూ, వాగు నీటిలో నైట్రేటు పెరగడమూ కనిపించాయి. ఆకుల పరుపు కింద బతికే చిట్టెలుకల్లో కొన్ని రకాలు బాగా తవ్విన చోట దాదాపు కనబడకుండా పోయాయి.

అందుచేత పార పట్టేముందు మోకాళ్ల మీద కూర్చొని వేళ్లు దింపి చూడు. పంది ముట్టని చోట వేళ్లు దూదిలోకి దిగినట్టు దిగుతాయి; తవ్విన చోట ఆకు తునకలూ పసుపు మట్టీ ముద్దగా తగులుతాయి, మొక్కల తెల్లటి సన్నవేళ్లు తెగి పైకి తేలి ఉంటాయి.

మొక్కల లెక్కకు కాలమే ప్రాణం. గులాబీ గీతల తెల్లపువ్వు పూసే స్ప్రింగ్ బ్యూటీ, చెట్లు చిగిర్చేలోగా పూసి, వేసవి మొదట్లోనే మాడిపోతుంది; దాని దుంపంటే పందికి మహా ఇష్టం. నేను మొదటి ఏడాది జూలైలో వెళ్లి, పందులు రాకుండా వేసిన కంచె లోపలా బయటా ఒకేలా "మొక్కలు లేవు" అని రాసుకొని ఏడాది శ్రమను బూడిదలో పోశాను. ట్రిలియం అనే మూడాకుల అడవిపూల మొక్క విషయంలో మొక్కలెన్ని అని మాత్రమే కాక, పూసినవెన్ని, ఆకుతో ఆగిపోయినవెన్ని అని విడిగా రాసుకో. విత్తనం నుంచి పువ్వు దాకా దానికి ఏళ్లు పడుతుంది కనుక, తవ్విన చోట పెద్ద మొక్కలు పోయిన సంగతి ఆ రెండో లెక్కలోనే తెలుస్తుంది.

కంచె లోపలి మడికి జతగా బయట ఎంచే మడి అదే వాలులో, అదే ఎత్తులో, అవే చెట్ల కింద ఉండాలి. ఆ పందులు వేసవిలో ఎత్తైన బీచ్ అడవులకు ఎక్కి, చలికాలంలో ఓక్ కాయల కోసం కిందికి దిగుతాయి. కాబట్టి ఒక్క రుతువులో తవ్వకం కనబడనంత మాత్రాన అక్కడ పంది లేదని రాయకు. రాళ్లూ మొద్దులూ తిరగేసినవన్నీ పంది ఖాతాలో వేయకు. ఎలుగుబంటికీ ఆ అలవాటుంది.

వాన వెలిసిన ప్రతిసారీ కంచె అడుగు అంచు తడిమి చూడు, మట్టి కొట్టుకుపోయిన చిన్న సందు చాలు వాటికి. మట్టి సంచులను వెంటనే ఐసు పెట్టెలో పెట్టు. కారు వెచ్చదనంలో వదిలేస్తే నైట్రేటు సంచిలోనే పెరిగి, నీ లెక్క తప్పుతుంది.

పెదనాన్న